ఎన్95 కింద మా మొహాలు

నేను ఐసీయూ నర్సుని, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. కోవిడ్ రెండు వేవ్‌లూ అక్కడే గడిచాయి. ఇప్పుడు అదే ఆసుపత్రిలో ఛాతీ జబ్బుల వార్డు చూస్తున్నాను. మందులకు లొంగని టీబీ కేసులు వస్తుంటాయి కాబట్టి ఎన్95 మాస్కుతో నా కాపురం ఇంకా నడుస్తూనే ఉంది. మాస్కు అవసరమా కాదా అన్న వాదన జోలికి నేను పోవడం లేదు. టీబీ గదిలోకి అది లేకుండా నేను అడుగు పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను. గంటల తరబడి దాన్ని బిగించుకుని పనిచేసేవాళ్ల చర్మానికి, తలకి, గొంతుకి ఏమవుతుంది, మేం చేసుకున్న సొంత వైద్యాల్లో ఏది పనికొచ్చింది, ఏది ఉన్న బాధకి ఇంకోటి జత చేసింది అన్నది చెప్పాలని ఉంది. ఆ రోజుల్లో గాట్లు పడ్డ మా మొహాల ఫొటోలు అందరూ షేర్ చేశారు గానీ, ఆ గాట్లకి మందేమిటో చెప్పినవాళ్లు తక్కువ.

కోవిడ్‌కి ముందు ఎన్95 అంటే మాకు పావుగంట వ్యవహారం. టీబీ అనుమానం ఉన్న రోగికి బ్రాంకోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష, చేసేటప్పుడు పెట్టుకునేవాళ్లం, అయిపోగానే తీసేసేవాళ్లం. 2020 జూలై ఆఖరుకి ఆంధ్రలో రోజువారీ కేసులు 10,000 దాటేసరికి లెక్కంతా మారిపోయింది. పీపీఈలో, అంటే ఒంటినిండా కప్పే రక్షణ సూటులో, ఆరు గంటల డ్యూటీ అన్నారు. ఆరు అన్నది కాగితం మీద మాటే. డోనింగ్ రూమ్‌లో వేసుకోవడానికి కొంత, లోపల ముందు బ్యాచ్ నుంచి రోగుల్ని అప్పజెప్పించుకోవడానికి కొంత, వచ్చే బ్యాచ్‌లో ఎవరికో పాజిటివ్ అని తెలిస్తే వాళ్ల బదులు ఆగడం, చివర్లో సూటు విప్పే చోట, డాఫింగ్ దగ్గర క్యూ. అన్నీ కలిస్తే ఎనిమిదికి తగ్గేది కాదు. మధ్యలో మాస్కు కదపడానికి లేదు. దురద పెడితే పెట్టనివ్వాలి. తుమ్మొస్తే అందులోనే తుమ్మాలి. ముక్కు కారితే ఇక చెప్పనక్కర్లేదు.

ఆ మాస్కు అంత గట్టిగా ఎందుకుంటుందో ముందు చెప్పాలి. సర్జికల్ మాస్కు మొహం మీద వదులుగా ఉంటుంది, పక్కల నుంచి గాలి ఆడుతుంది. ఎన్95 అలా కాదు. 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని అది ఆపాలి. మరీ పెద్దవీ మరీ చిన్నవీ సులువుగానే దొరుకుతాయి, మధ్య సైజువే మొండివి. వాటిని పట్టేది బట్ట నేత ఒక్కటే కాదు, లోపలి పాలీప్రొపిలీన్ పొరకి ఎక్కించిన స్థిర విద్యుత్తు. అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీలో పీటర్ సాయ్ అనే తైవాన్ శాస్త్రవేత్త ఆ ఛార్జ్ ఎక్కించే ఒక పద్ధతి కనిపెట్టారు. సబ్బుతో ఉతికినా, శానిటైజర్ కొట్టినా ఆ ఛార్జ్ పోతుంది. చూడ్డానికి మాస్కు శుభ్రంగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. సరే, పొర ఎంత గొప్పదైనా గాలి ఆ పొరలోంచే రావాలి కదా. అంచుల్లో చిన్న సందు దొరికితే గాలి ఆ దారే పడుతుంది. అందుకని అంచు చుట్టూతా మొహానికి అతుక్కుని తీరాలి. ఆ ఒత్తిడంతా పడేది ముక్కు దూలం మీద, చెంప ఎముకల మీద, గడ్డం కింద. ఎముకకి, మాస్కుకి మధ్య పల్చటి చర్మం తప్ప కండా కొవ్వూ పెద్దగా లేని చోట్లు అవి.

ఇది చదువుతున్న ఐసీయూ వాళ్లకి ఈపాటికే బెడ్‌సోర్ గుర్తొచ్చి ఉంటుంది. అవును, అదీ ఇదీ ఒకటే. ఎముక మీద చర్మం గంటల తరబడి నలిగితే అక్కడికి రక్తం సరిగా చేరదు, చెమట నానబెడుతుంది, రాపిడి చెక్కేస్తుంది. పిరుదు మీద వస్తే బెడ్‌సోర్ అంటాం, ముక్కు మీద వస్తే ‘మాస్కు గుర్తు’ అని నవ్వేస్తాం.

2021 మేలో, రాష్ట్రంలో రోజుకి 20,000 కేసులు దాటిన రోజుల్లో, వెంటిలేటర్ మీద ఉన్న ఒక పెద్దాయన్ని బోర్లా పడుకోబెడుతున్నాం. ఐదుగురం పట్టుకుంటే గానీ అయ్యే పని కాదు. ట్యూబు ఒకరు, తల ఒకరు, సెలైన్ లైన్లు ఒకరు. తిప్పాక ఆయన చెంప ఎముక కింద, గడ్డం కింద, నుదుటి కింద సిలికాన్ ఫోమ్ డ్రెస్సింగ్ ముక్కలు కత్తిరించి పెట్టాం. బోర్లా ఉన్నవాళ్లకి మొహం మీదే పుండ్లు పడతాయి కాబట్టి రెండేసి గంటలకి తల అటోసారి ఇటోసారి తిప్పాలి. కేస్ షీట్‌లో టైము వేసి సంతకం పెట్టాలి. నాకెదురుగా నిలబడ్డ జూనియర్ సిస్టర్ ముక్కు మీద మైక్రోపోర్ ప్లాస్టర్, దాని కింద నుంచి పసుపుపచ్చగా ఊరుతున్న తడి. గాగుల్స్ మసకలోంచి నన్ను చూసి, “ఈయన్ని మనం తిప్పుతున్నాం, మనల్నెవరు తిప్పుతారక్కా?” అంది. నవ్వుకున్నాం గానీ, అప్పట్నుంచీ నా బుర్రలో ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. రోగికి రెండు గంటలు దాటితే తప్పు రాసుకునే మేం, మా మొహాలకి ఏ టైమూ వేసుకోలేదు.

మాస్కు తీశాక చేయాల్సిన పరీక్ష చాలా తేలిక. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే రక్తం ఆడుతున్నట్టే, కాసేపట్లో సర్దుకుంటుంది. నొక్కినా రంగు కదలకపోతే ఒత్తిడి పుండులో మొదటి దశ గాయం. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది గానీ, మనలాంటి చామనఛాయ, నలుపు మొహాల మీద ఆ ఎరుపు కనిపించదు. చుట్టుపక్కల చర్మం కంటే అక్కడ వెచ్చగా ఉందా, గట్టిపడిందా, ముట్టుకుంటే చురుక్కుమంటోందా అని చూడాలి. మా వార్డులో తెల్లటి కేరళ సిస్టర్ ముక్కు ఎర్రబడితే అందరం అయ్యో అన్నాం. అంతకంటే లోతుగా దెబ్బ తిన్న ఒక నల్లటి పిల్లని తోలు ఊడేదాకా ఎవరం గమనించలేదు. ఆ పిల్లా చెప్పుకోలేదు.

ఇక వైద్యాలు. తలా ఒకటి. పసుపు, కొబ్బరినూనె, వాజ్‌లైన్, కలబంద గుజ్జు. డ్యూటీ అయ్యాక రాసుకుంటే నూనెతో, వాజ్‌లైన్‌తో నష్టం లేదు, హాయిగానే ఉంటుంది. డ్యూటీకి ముందు రాసుకుంటేనే చిక్కు. జిడ్డు మీద మాస్కు జారుతుంది, జారితే అంచు లేస్తుంది, లేస్తే ఇంకా బిగిస్తాం. ఏదైనా క్రీము రాయాలంటే కనీసం అరగంట ముందు రాసి, ఇంకిపోయాక మిగిలింది తుడిచేసి పెట్టుకోవాలి. దూది ముక్క, గాయాలకి కట్టే గాజ్ గుడ్డ మడత ముక్కు మీద పెట్టుకోవడం మరీ ప్రమాదం. నొప్పి తగ్గుతుంది నిజమే. ఆ మడత పక్కనే సందు పడుతుంది, ఇక మాస్కు పెట్టుకుని లాభమేంటి? మైక్రోపోర్ అందరూ వాడారు. అతికించినప్పుడు బాగానే ఉంటుంది, రోజూ పీకేటప్పుడు పైపొర కూడా దాంతో వచ్చేస్తుంది. అన్నిటికంటే నయమనిపించింది పల్చటి హైడ్రోకొల్లాయిడ్ డ్రెస్సింగ్, జెల్ లాంటి పొర ఉండి చర్మానికి అతుక్కునే పట్టీ. గోరంత వెడల్పు ముక్క కత్తిరించి ముక్కు దూలం మీద అతికించి, మాస్కు పెట్టి, గాలి కారడం లేదని మళ్లీ చూసుకోవాలి. తీసేటప్పుడు తడి చేసి మెల్లగా తీయాలి.

అది దొరికేదెలా? ప్రైవేటు ఆసుపత్రిలో ప్రతి డ్రెస్సింగూ ఎవరో ఒక రోగి పేరు మీద స్టోర్స్‌కి ఇండెంట్ (కావాలని రాసిచ్చే చీటీ) పెట్టి తెప్పించేదే, బిల్లులోకి పోయేదే. సిస్టర్ ముక్కుకి ఐపీ నంబరు, అంటే చేరిన రోగికిచ్చే నంబరు, ఉండదు. ఒక రోగి బిల్లులో మా ముక్కుల ఖర్చు రాయలేం కదా. రోగికి వాడగా మిగిలిన అంచు ముక్కలు దాచుకున్నవాళ్లు ఉన్నారు, నేను వాళ్లని తప్పు పట్టను. కొందరం చందా వేసుకుని మెడికల్ షాపులో కొనుక్కున్నాం. రాత్రి డ్యూటీలో ఇచ్చే అలవెన్సు కంటే ఆ డ్రెస్సింగ్ ఖరీదెక్కువ అని మా ఇన్‌చార్జ్ మేడమ్ ఎన్నిసార్లు ఆఫీసులో చెప్పినా, చూద్దాం అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.

మొదట్లో స్టాకు లేక వచ్చిన మాస్కుల గురించి కూడా చెప్పాలి. ఎన్95 అని రాసి చెవులకి తగిలించే రకం. మంచి ఎన్95కి రెండు పట్టీలుంటాయి, పైది నడినెత్తి మీద, కిందది చెవుల కింద మెడ వెనక. ఒత్తిడి పంచుకుంటుంది. చెవులకి తగిలించేదాంట్లో మొత్తం భారం చెవి వెనక మడత మీదే. సాయంత్రానికి అక్కడ బ్లేడుతో గీసినట్టు పగులు. ఒక సిస్టర్ వాళ్లమ్మ టైలరింగ్ చేస్తారు, తలకి పెట్టుకునే క్యాపులకి రెండు పక్కలా పెద్ద గుండీలు కుట్టి పంపారు. తాడు చెవికి బదులు గుండీకి. ఆ కష్టకాలంలో మా వార్డుకి వచ్చిన సాయాల్లో నేను దానికే మొదటి మార్కు వేస్తాను. తర్వాత రెండు పట్టీల మాస్కులు వచ్చాయి గానీ, వాటిని పేపర్ కవర్లో పేరు, తేదీ రాసి ఆరబెట్టి మళ్లీ మళ్లీ వాడమన్నారు. నాలుగైదు సార్లయ్యేసరికి ఎలాస్టిక్ సాగిపోతుంది. సాగిందానికి ముడి వేస్తే ఆ ముడి తల వెనక రాయిలా గుచ్చుకుంటుంది.

అక్కడి నుంచే తలనొప్పి. ఇది అందరికీ ఉండేది, అందరూ ఒకే మాట అనేవారు: “ఆక్సిజన్ అందట్లేదు.” వాట్సాప్‌లో కూడా అదే ప్రచారం, మాస్కు పెట్టుకుంటే ఆక్సిజన్ పడిపోతుందని. చేతిలో పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకుని మాకు అనుమానం దేనికి? డ్యూటీ చివర్లో, తల పగిలిపోతున్నప్పుడు, గ్లవ్ తీయడానికి వీల్లేక డాఫింగ్ అయ్యేదాకా ఆగి, మాస్కు మాత్రం ఉంచుకుని వేలికి పెట్టి చూసుకునేవాళ్లం. 98, 97, 98. ఎవరిది చూసినా అంతే. పొద్దున ఎంతుందో సాయంత్రం అంతే. మాస్కు లోపలి ఖాళీలో మనం వదిలిన గాలి కొంత మిగిలి మళ్లీ లోపలికి పోతుంది కాబట్టి, పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే కాస్త ఎక్కువే ఉంటుంది. వెచ్చగా, ముతకగా అనిపించేది అందుకే. పొరలోంచి లాగి పీల్చాలి కాబట్టి ఊపిరికి శ్రమ కూడా ఎక్కువ. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది ఆక్సిజన్ పడిపోయేంత సంగతి కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగాలి. మా దగ్గర ఐదో నెలలో ఉన్న సిస్టర్‌ని అడక్కుండానే బయటి వార్డుకి మార్చారు, ఆ పని మాత్రం బాగా చేశారు.

మరి నొప్పి ఎక్కడిది? మా ఫిజీషియన్ సార్‌ని రౌండ్స్‌లో పట్టుకుని అడిగాను. “ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించమ్మా” అన్నారు. చూపిస్తే సరిగ్గా పట్టీ పోయే దారే. “మాస్కు తీశాక ఎంతసేపటికి తగ్గుతోంది?” అన్నారు. కొన్ని రోజులు గంటలోపు, కొన్ని రోజులు రాత్రి దాకా అన్నాను. అప్పుడాయన చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ పనికొస్తోంది. తల మీద పట్టీగానీ హెల్మెట్‌గానీ నొక్కడం వల్ల వచ్చే తలనొప్పికి వైద్యంలో ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. అది నొక్కుడు మొదలైన గంటలోపు వస్తుంది, తీసేసిన గంటలోపు పోతుంది. గంట దాటినా పోకపోతే అది మాస్కు నొప్పి ఒక్కటే కాదు, ఇంకేదో కలిసింది. ఆ ఇంకేదో ఏమిటో నాకు నేనే కనిపెట్టాను: టీ. రోజుకి నాలుగు టీలు తాగే మనిషిని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చుక్క లేకుండా ఉంచితే తల పగలదా? డ్యూటీకి వెళ్లే ముందు బాత్రూమ్ భయంతో టీ మానేసేవాళ్లం, నీళ్లూ మానేసేవాళ్లం, టిఫిన్ కూడా సగమే. టీని మెల్లమెల్లగా తగ్గించుకుని, పొద్దున ఇడ్లీ కడుపు నిండా తిని వెళ్లిన వారం రెండో రకం నొప్పి చాలావరకు పోయింది. మొదటి రకం పోలేదు. దానికి పారాసిట్మాల్ వేసుకుని లాభం లేదు, పట్టీ జరగాలి, లేదా కాసేపు విప్పాలి. రోజూ మాత్ర మింగిన వాళ్లకి ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకునే ప్రమాదం ఉంది, సార్ అదీ గట్టిగా చెప్పారు.

మాకే ఇలా అనుకున్నాం గానీ, సింగపూర్ ఆసుపత్రుల వాళ్లు 2020లో తమ సిబ్బంది 158 మందిని అడిగితే 128 మంది, అంటే 81 శాతం, పీపీఈ వేసుకోవడం మొదలెట్టాక కొత్తగా తలనొప్పి వస్తోందని చెప్పారు. అదే దేశంలో 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చి వెళ్లాక చర్మం గురించి అడిగినప్పుడు, ఎన్95 వాడినవాళ్లలో మూడోవంతు పైగా ఏదో ఒక బాధ చెప్పారు. అన్నిటికంటే ఎక్కువ చెప్పింది మొటిమలు, ఆ తర్వాత దురద, దద్దుర్లు. సార్స్ నాడే తెలిసిన సంగతి మా దాకా రావడానికి ఇంకో మహమ్మారి కావాల్సొచ్చింది.

నీళ్ల గురించి ఒక్క మాట. బెజవాడ ఎండాకాలం ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి తిరగకూడదని సెంట్రల్ ఏసీ ఆపేశారు, ఒంటి నిండా ప్లాస్టిక్ సూటు. బూట్ల కవర్లలో చెమట నిలిచేది. తాగకుండా వెళ్లినవాళ్లకి మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు. పీరియడ్స్ రోజుల్లో సంగతి నేను రాయను, ఆడవాళ్లకి తెలుసు. చివరికి పెద్దవాళ్ల డైపర్ వేసుకుని వెళ్లడం నేర్చుకున్నాం. సిగ్గుపడేవాళ్లం గానీ, డైపర్ వేసుకుని రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లిన రోజు తల తేలిగ్గా ఉండేది.

గొంతు పాడవుతుందని మాత్రం నేను అస్సలు అనుకోలేదు. మాస్కులోంచి మాట పలచబడి వస్తుంది, మానిటర్ల చప్పుడు, వినపడని ముసలివాళ్లు, పైగా పెదాలు కనపడవు. ప్రతి మాటా అరిచి చెప్పాలి. “తాతా, దగ్గండి... దగ్గు, దగ్గు!” అని అరిస్తే ఆయన “దగ్గరికా?” అని లేచి కూర్చోబోయేవాడు. నెలలోపే బొంగురు గొంతు వచ్చేసింది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి స్వరపేటిక వాచింది, గుసగుసలు కూడా వద్దు, నోరు కట్టేసుకోమన్నారు. ఐసీయూలో నోరు కట్టేసుకోవడమా! తెల్ల అట్టల మీద పెద్దక్షరాలతో ‘దగ్గండి’, ‘నొప్పి ఉందా?’, ‘మీవాళ్లతో ఫోన్ మాట్లాడతారా?’ అని రాసి పెట్టుకున్నాం. చదవడం రానివాళ్లకి బొమ్మలు. మూడో అట్ట చూపిస్తే అందరి కళ్లూ ఒకేలా మారేవి.

మొటిమల్లో, మచ్చల్లో అసలు నష్టం మాస్కు చేసిందానికంటే మెడికల్ షాపు చేసిందే ఎక్కువ. మాస్కు కింద తేమ, వేడి, రాపిడి. రంధ్రాలు మూసుకుని గడ్డం చుట్టూ మొటిమలు. అవి మానాక మన చర్మానికి నల్ల మచ్చ మిగులుతుంది, నెలల తరబడి పోదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఆడపిల్లలున్న వార్డు మాది. ఒకమ్మాయికి పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి “ముక్కు మీద ఆ కాల్పు ఏంటమ్మా?” అని అడిగిందట. కోవిడ్ డ్యూటీ అని చెబితే, మెచ్చుకుంటుందనుకుంటే, “ఇంకా ఆ డ్యూటీలకి వెళ్తావా?” అందట. ఆ అమ్మాయి, ఇంకో ఇద్దరు కలిసి తెల్లబడే క్రీమొకటి కొన్నారు. వారంలో మొహం మెరిసింది. నెలకి పల్చబడి, ఎర్రబడి, ఎండకి మండటం, మునుపటి కంటే ఎక్కువ మొటిమలు. ట్యూబు మీద చిన్నక్షరాల్లో స్టెరాయిడ్ పేరుంది. నర్సులం, రోగులకి ఐవీ స్టెరాయిడ్ డోసు డబుల్ చెక్ చేసి ఇచ్చేవాళ్లం, మొహానికి రాసుకునేదాని మీద పేరు చదవలేదు వాళ్లు. చర్మవ్యాధుల మేడమ్ ఆ క్రీము ఆపించి, సబ్బు బదులు మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, మేకప్ లేకుండా మాస్కు, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, అంతే రాశారు. “ఇంతేనా మేడమ్?” అంటే “ఇంతే, ఓపిక పట్టాలి” అన్నారు. ఇంకో చిన్న సంగతి, ముక్కుపుడక. మడత మాస్కుల అంచు దాని మీద నొక్కి లోపల పుండు పడుతుంది. కొందరు తీసేశారు, కొందరికి రంధ్రం పూడిపోయి మళ్లీ కుట్టించుకున్నారు.

మొహానికి నిజంగా సుఖం దొరికింది ఫిట్ టెస్ట్, అంటే మాస్కు మొహానికి సరిగ్గా అతుక్కుందా అని చూసే పరీక్ష, వచ్చాకే. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఎక్కడో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి, కిట్ తెప్పించింది. తల మీద పారదర్శకమైన పెద్ద హుడ్ పెడతారు. ముందు మాస్కు లేకుండా పల్చటి చేదు ద్రావణం హుడ్‌లోకి పిచికారీ చేసి, చేదు తెలుస్తోందా అని అడుగుతారు. కాకరకాయ రసం నయమనిపించే చేదు. నోరు కడుక్కుని, మాస్కు పెట్టుకుని మళ్లీ హుడ్. ఈసారి చిక్కటి ద్రావణం. మామూలుగా ఊపిరి, లోతుగా ఊపిరి, తల పక్కలకి, తల పైకీ కిందకీ, గట్టిగా చదవడం, వంగడం, మళ్లీ మామూలుగా. ఒక్కోటి నిమిషం చొప్పున. ఎక్కడ చేదు తగిలినా ఫెయిల్. చదవడానికి ఏం దొరక్క ఒకమ్మాయి పదమూడో ఎక్కం చదివింది, మధ్యలో తప్పింది, ఎక్కంలోనూ టెస్టులోనూ.

సగం మందిమి ఫెయిలయ్యాం. అదీ పట్టీ కణతలు నలిగేంత బిగించి. నావరకు చేదు ముక్కు పక్కల నుంచి వచ్చింది. ఆ సిస్టర్ నా మాస్కు విప్పించి, ముక్కు మీది రేకుని చూపించింది. ఒక చేత్తో గిల్లినట్టు నొక్కడం వల్ల మధ్యలో కోణంలా మడత పడింది. ఆ మొన ముక్కు దూలంలోకి దిగుతోంది, దాని రెండు పక్కలా సన్నటి సందులున్నాయి. గాయం చేస్తున్నదీ, గాలి వదుల్తున్నదీ ఆ మడతే. కొత్తదిచ్చి, రెండు చేతుల వేళ్లూ రేకు మధ్యలో పెట్టి, రెండు వైపులా కిందకి రాస్తూ ముక్కు ఆకారానికి వంచమంది. పై పట్టీ నెత్తి మీదకి, కొప్పు కాస్త కిందకి దించి. కొప్పు నడినెత్తిన వేస్తే పట్టీ జారి చెవుల మీదకి వస్తుంది. తర్వాత రెండు చేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊదాలి. అంచుల దగ్గర గాలి తగిలితే సరిచేసుకోవాలి. నాది మీడియం బదులు స్మాల్ సైజు అని అప్పుడే తేలింది. సన్నటి మొహానికి పెద్ద మాస్కు పెట్టి, ఆ తేడాని పట్టీ బిగింపుతో పూడుస్తున్నాం అన్నమాట. స్మాల్ పెట్టుకుని, పట్టీ ముందుకంటే వదులుగా ఉండగానే, హుడ్‌లో ఒక్క చుక్క చేదు తగల్లేదు. ఇంతకాలం బిగిస్తేనే భద్రం అని చెప్పిన వాళ్లెవరూ ఈ పరీక్ష చేయించుకుని ఉండరు.

టెస్టు కార్తీక మాసంలో జరిగింది. మా వార్డు బ్రదర్ ఒకతను అయ్యప్ప మాల వేసుకున్నాడు, గడ్డం పెంచాడు. హుడ్‌లో పెట్టగానే చేదు. మళ్లీ చేస్తే మళ్లీ చేదు. గడ్డం వెంట్రుకల మీద ఏ ఎన్95 సీల్ కాదు. “స్వామీ, మీరు మండలం అయ్యేదాకా ఆ గదిలోకి వద్దు” అని చెప్పి జనరల్ సైడ్ వేశారు. కొంచెం నొచ్చుకున్నాడు గానీ, శబరిమల వెళ్లొచ్చి గడ్డం తీశాక టెస్టు పాసై మళ్లీ చేరాడు. ఏటా ఆ సీజన్‌కి రోస్టర్ అలాగే వేస్తున్నాం ఇప్పుడు.

టీబీ వార్డుకి మారాక నేను పెట్టుకున్న నియమాలు పెద్దవేం కావు. ఐసోలేషన్ గది పనులన్నీ ఒక్కసారికి కూడగట్టుకుని వెళ్తాం: మందులు, వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి), కఫం శాంపిల్, దుప్పటి మార్పు. రెండు గంటలు దాటేలోపు బయటికొచ్చి, చేతులు కడుక్కుని, మాస్కు తీసి, మొహానికి గాలి తగలనిచ్చి, నీళ్లు తాగుతాం. మాస్కు తీసే చోటు గదికి బయట, తలుపు మూశాకే. లోపల ఇద్దరుంటే బయట ఒకరు, టైము చెప్పడానికి. కోవిడ్‌లో ఇది కుదిరేది కాదని తెలుసు, అప్పుడు వార్డు మొత్తం ఒకే గాలి. ఇప్పుడు కుదురుతుంది కదా.

ఇంకోటి కూడా సాధించుకున్నాం. రోగికి బెడ్‌సోర్ వస్తే ఇన్సిడెంట్ ఫారం రాస్తాం: ఎక్కడ, ఎంత, ఏ దశ, కారణం. అదే ఫారంలో సిబ్బందికి సూది గుచ్చుకుంటే రాసే భాగం కూడా ఉంది. మాస్కు గాయం అందులో ఎందుకు రాయకూడదని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ని అడిగాను. ఆమె ఫారం తిరగేసి చూసి, “రాయకూడదని ఎక్కడా లేదు, రాయండి” అన్నారు. అంతే. రాయడం మొదలుపెట్టాం. ముక్కు దూలం, మొదటి దశ, మీడియం సైజు మాస్కు, మూడు గంటలు. రాసిన కాగితాలు పోగయ్యాక డ్రెస్సింగ్‌లకి వార్డు పేరు మీద ఇండెంట్ వచ్చింది. నోటి మాటగా ఏళ్లపాటు అడిగితే రానిది.

స్మాల్ సైజు మాస్కులే ఇంకా సరిగా రావడం లేదు. స్టోర్స్ వాళ్లు మీడియం ఒక్కటే లోడుగా తెప్పిస్తారు, అందరికీ సరిపోతుందంటారు. కొత్త బ్యాచ్‌లో చేరిన ఇద్దరమ్మాయిలు మీడియంలో ఫెయిలయ్యారు. వాళ్ల టెస్టు కాగితాలు ఇండెంట్‌కి పిన్ చేసి పంపాను. డబ్బాలు వచ్చేదాకా వాళ్లిద్దరికీ ఆ గది డ్యూటీ వేయనని స్టోర్స్‌కీ, మేడమ్‌కీ రాసి ఇచ్చాను. రోస్టర్‌లో వాళ్ల ఖాళీ నేనూ, స్వామీ నింపుతున్నాం.